హైదరాబాదు బెలూన్‌లో దొరికిన బాసిల్లస్‌లు ఎక్కడివి?

ప్రశ్న (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, హబ్సిగూడ):
2005 ఏప్రిల్ 20న మన నగరంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని సేకరించిందనీ, అందులో బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై, జానిబ్యాక్టర్ హోయలీ అనే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయనీ తరగతిలో చెప్పగానే, అవి గ్రహాంతర జీవులేనని విద్యార్థులు తేల్చేశారు. పొలం మట్టిలో ఉండే బాసిల్లస్ ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల సమూహం) అంత ఎత్తున ఎలా బతుకుతుంది?

జవాబు 1 (సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకుడు, తార్నాక):
మేడమ్, అది అక్కడ బతుకుతోందనడం కన్నా చావకుండా నిలిచి ఉందనడం సరైనదని నా అభిప్రాయం. పోషకాలు కరువైనప్పుడు బాసిల్లస్ కణం తన డీఎన్ఏ ప్రతినొకదాన్ని గట్టి పొరల మధ్య భద్రపరచి సిద్ధబీజాన్ని తయారుచేస్తుంది. దాని నడిమి భాగంలో నీరు చాలా తక్కువగా ఉంటుంది, కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లం పేరుకుని ఉంటుంది, డీఎన్ఏను అంటిపెట్టుకున్న చిన్న ప్రోటీన్లు అతినీలలోహిత కిరణాల దెబ్బను తగ్గిస్తాయి. ఆ స్థితిలో అది తినదు, పెరగదు, విభజన చెందదు. మరిగే నీటిని సైతం తట్టుకోగల ఈ బీజాలను చంపడానికే ప్రయోగశాలల్లో ఆటోక్లేవ్‌ను (అధిక పీడనంలోని ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరాన్ని) 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు నడుపుతాం. మట్టిలో, సముద్రపు బురదలో, పశువుల పేగుల్లో, రాత్రి మిగిలిన అన్నంలో ఈ ప్రజాతి కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. దుమ్ముతో పాటు బీజం ఎక్కడికైనా చేరగలదు కనుక, దొరికిన ప్రతి చోటూ దాని నివాసమని అనుకోకూడదు.

జవాబు 2 (మరో సభ్యురాలు, ఉప్పల్):
పై వివరణ జానిబ్యాక్టర్‌కు వర్తించదు, ఎందుకంటే ఆ ప్రజాతి సిద్ధబీజాలను తయారుచేయదు. అయినప్పటికీ మూడు జాతులూ తమ దగ్గరి బంధువుల కన్నా అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయని 2009లో ప్రకటించారు. అయితే మూడూ భూమి మీద ముందే తెలిసిన ప్రజాతుల్లోనే చేరాయి. గ్రహాంతర మూలం నిర్ధారణ కాలేదని ఆ ప్రయోగం జరిపిన ఇస్రో కూడా అప్పుడే స్పష్టంగా చెప్పింది. ఆ తరువాత ఆర్యభట్టై రకాలు మొక్కల వేళ్ల చుట్టూ ఉండే మట్టిలోనూ దొరికాయి. 2020లో ఆ జాతిని ప్రీస్టియా అనే ప్రజాతికి మార్చారు కాబట్టి, విద్యార్థులకు రెండు పేర్లూ చెప్పడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మట్టి కలిపిన నీటిని 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు వేడిచేసి, పోషక అగార్‌పై (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ లాంటి పదార్థంపై) పరచి చూపితే సిద్ధబీజాల సంగతి పిల్లలకు అర్థమవుతుందా?

జవాబు 1:
తప్పకుండా అర్థమవుతుంది. ఆ వేడికి మామూలు కణాలు చనిపోయి సిద్ధబీజాలే మిగులుతాయి. పోల్చి చూడడానికి వేడి చేయని నమూనాను కూడా పక్కనే పెంచండి. మట్టిలో వాంతులు, విరేచనాలు కలిగించే బాసిల్లస్ సీరియస్ అనే జాతి కూడా ఉండవచ్చు కనుక, పెరిగిన ప్లేట్ల మూతలను పిల్లల చేత తీయించకుండా, పని ముగియగానే ఆటోక్లేవ్ చేసి పారవేయండి.