పీఎఫ్‌సెన్స్ పెట్టెలో నెట్ ఆగిపోతోంది, వీపీఎన్ నెమ్మదిగా ఉంది: ఎన్‌క్రిప్షన్ కార్డు కొనాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది గుంటూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసు, తెనాలిలో ఒక బ్రాంచి ఉంది. రెండు చోట్లా ఒకే రకం పాత మినీ పీసీలు కొని పీఎఫ్‌సెన్స్ 2.7 (ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్) వేశాను. ప్రాసెసర్ సెలెరాన్ జె1900, ర్యామ్ 4 జీబీ, లాన్ పోర్టులు రెండు. డేటాను మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్‌తో రెండు ఆఫీసులనూ కలిపాను. ఇంటర్నెట్ రెండు వైపులా 200 ఎంబీపీఎస్ ఫైబర్.

నాకు రెండు ఇబ్బందులున్నాయి. సాయంత్రం టాలీ బ్యాకప్ తెనాలి నుంచి ఇక్కడికి కాపీ అవుతుంటే ఒక్కోసారి మొత్తం నెట్ కాసేపు ఆగిపోయి, మళ్లీ దానంతటదే వస్తోంది. ఆగని రోజుల్లో కూడా వీపీఎన్ మీద వేగం 40 ఎంబీపీఎస్ దాటడం లేదు. మామూలు స్పీడ్ టెస్ట్ చేస్తే 190 వస్తోంది. సీపీయూ వాడకం చూస్తే 30 శాతమే, అంటే పెట్టె ఖాళీగానే ఉన్నట్టు కదా? అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఏఈఎస్-ఎన్ఐ (ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసేదట) ఎంచుకుని సేవ్ చేశాను, ఏ మార్పూ లేదు. ఇక్కడ ఒక షాపులో అడిగితే ఎన్‌క్రిప్షన్‌కు వేరే కార్డు దొరుకుతుంది, అది వేస్తే సరిపోతుందన్నారు. నిజమేనా? జీఎస్టీ రిటర్నుల వారం వస్తే చాలు, ఇది ఎప్పుడు ఆగుతుందోనని టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

మేడమ్, కార్డు మాత్రం ఇప్పుడే కొనకండి. నాకు ఇవి రెండూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి. మూడు చోట్ల చూసి చెప్పండి. డాష్‌బోర్డులో సీపీయూ పేరు కింద ఏఈఎస్-ఎన్ఐ గురించి ఏం రాసి ఉంది? నెట్ ఆగిన సమయానికి సిస్టమ్ లాగ్‌లో ఏముంది? బ్యాకప్ నడుస్తున్నప్పుడు డయాగ్నస్టిక్స్‌లో సిస్టమ్ యాక్టివిటీ పేజీ తెరిస్తే అన్నిటికంటే పైన ఏ ప్రోగ్రామ్ ఉంది, ఎంత శాతం?

ప్రశ్న అడిగినవారు

చూశానండీ. డాష్‌బోర్డులో "ఏఈఎస్-ఎన్ఐ సీపీయూ క్రిప్టో: నో" అని ఉంది. లాగ్‌లో నెట్ ఆగిన ప్రతిసారీ "ఆర్ఈ0: వాచ్‌డాగ్ టైమౌట్" అని వచ్చి, వెంటనే లింక్ డౌన్, లింక్ అప్ అని ఉంది. సిస్టమ్ యాక్టివిటీలో ఓపెన్‌వీపీఎన్ దాదాపు 100 శాతం చూపిస్తోంది, కానీ మొత్తం సీపీయూ ఇప్పుడూ 30 లోపే. ఇదెలా సాధ్యం?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

మీ రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది.

ముందు ఆ 30 శాతం సంగతి. జె1900లో నాలుగు కోర్లున్నాయి, అంటే విడివిడిగా పనిచేసే నాలుగు భాగాలు. ఓపెన్‌వీపీఎన్ మామూలుగా ఒక కోరు మీదే పనిచేస్తుంది. ఆ కోరు ఊపిరాడకుండా ఉంటే మిగతా మూడూ ఊరికే కూర్చుంటాయి. నాలుగింటి సగటు తీస్తే 25, 30 వస్తుంది. అందుకే మీకు పెట్టె ఖాళీగా కనిపించింది.

ఆ ఒక్క కోరుకి అంత బరువు ఎందుకంటే, ఏఈఎస్ (మీ వీపీఎన్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) లెక్కలను చిప్‌లోనే వేగంగా చేసే ఆదేశాలు మీ ప్రాసెసర్‌లో లేవు. ఏఈఎస్-ఎన్ఐ అంటే అవే. ఇంటెల్ వాటిని 2010లో వెస్ట్‌మియర్ ప్రాసెసర్లతో తెచ్చింది. జె1900 వచ్చింది 2013లో, అయినా ఆ చవక వరుసలో వాటిని పెట్టలేదు. దాని తర్వాతి తరం జె3160లో ఉన్నాయి, జె4125లో ఉన్నాయి, ఇప్పటి ఎన్100లోనూ ఉన్నాయి. కాబట్టి పాత ప్రాసెసరు కొనేటప్పుడు సంవత్సరం చూసి నమ్మకూడదు, మోడల్ నంబరు పెట్టి ఇంటెల్ సైట్‌లో ఏఈఎస్-ఎన్ఐ ఉందా లేదా అన్న ఆ ఒక్క లైను చదవాలి. 2017లో పీఎఫ్‌సెన్స్ వాళ్లు 2.5 నుంచి ఏఈఎస్-ఎన్ఐ తప్పనిసరి అని ప్రకటించినప్పుడు ఇలాంటి పెట్టెలు కొన్నవాళ్లంతా కంగారుపడ్డారు. 2019లో ఆ షరతు వెనక్కి తీసుకున్నారు. అందుకే మీ పెట్టెలో 2.7 నడుస్తోంది.

మీరు సెట్టింగులో ఎంచుకున్నది కర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు గుండెలో) ఒక మాడ్యూల్‌ను లోడ్ చేస్తుంది, అంతే. చిప్‌లో లేని శక్తిని అది తేలేదు. అది పనికొచ్చేది ముఖ్యంగా ఐపీసెక్ అనే మరో రకం వీపీఎన్‌కి, ఎందుకంటే ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్ కర్నెల్‌లో జరుగుతుంది. మీ ఓపెన్‌వీపీఎన్ కర్నెల్ బయట ఉండి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వాడుకుంటుంది. ప్రాసెసర్‌లో ఏఈఎస్-ఎన్ఐ ఉంటే ఆ లైబ్రరీ ఏ సెట్టింగూ అడగకుండానే వాడేసుకుంటుంది.

ఇక షాపువాళ్లు చెప్పిన కార్డు. అలాంటివి ఒకప్పుడు ఉండేవి, హైఫన్ చిప్‌లతో పీసీఐ కార్డులు వచ్చేవి. ప్రాసెసర్లు బలహీనంగా ఉన్న రోజుల్లో చాలా ఆదుకున్నాయి. కానీ ఇవాళ అందరూ వాడే ఏఈఎస్-జీసీఎం రకం వాటికి రాదు. పాత పీసీఐ బస్సు (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారి) మొత్తం సామర్థ్యమే సెకనుకు 133 మెగాబైట్లు, డేటా అటు పోయి ఇటు రావాలి. అలాగే ఏఎండీ జియోడ్ ఎల్ఎక్స్ ప్రాసెసర్ ఉన్న పాత బోర్డుల్లో ఎన్‌క్రిప్షన్ చిప్ లోపలే ఉండేది, కానీ అది 128 బిట్ ఏఈఎస్ మాత్రమే చేసేది. ఎక్కువ భద్రత కదా అని 256 పెట్టుకున్నవాళ్లకి ఆ చిప్ ఉన్నా లేనట్టే. హార్డ్‌వేర్ ఉందా అన్న ప్రశ్నతో సరిపోదు. మీరు ఎంచుకున్న పద్ధతిని అది చేయగలదా, మీ వీపీఎన్ దాన్ని అడుగుతుందా, ఈ రెండూ తేలాలి.

రూపాయి ఖర్చు లేకుండా ముందు ఇది చేయండి: వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ ప్యాకేజీ వేసి రెండు ఆఫీసులనూ దాంతో కలపండి. అది వాడే చాచా20-పాలీ1305 పద్ధతికి ఏఈఎస్-ఎన్ఐ అవసరం లేదు, మామూలు ప్రాసెసర్ల మీద కూడా వేగంగా నడిచేలా తయారైంది. పైగా అది కర్నెల్‌లో ఉండి అన్ని కోర్లనూ వాడుకుంటుంది. ఓపెన్‌వీపీఎన్ వదలడం ఇష్టం లేకపోతే రెండు వైపులా సైఫర్‌ను (ఎన్‌క్రిప్షన్ పద్ధతిని) చాచా20-పాలీ1305కి మార్చినా కొంత మేలు, కానీ ఒక్క కోరు పరిమితి అలాగే ఉంటుంది.

రెండో జబ్బుకు వద్దాం. ఆర్ఈ అంటే రియల్‌టెక్ లాన్ కార్డుల డ్రైవరు. పంపిన ప్యాకెట్ల సంగతి కార్డు నుంచి తిరిగి తెలియకపోతే డ్రైవరు కొంత సమయం చూసి కార్డును రీసెట్ చేస్తుంది, అదే వాచ్‌డాగ్ టైమౌట్. బరువు పడినప్పుడే వస్తుంది కాబట్టి బ్యాకప్ వేళే మీకు తగులుతోంది. కేబుల్ ఒకసారి మార్చి చూడండి, అది ఎలాగూ చేయాల్సిందే. తర్వాత రియల్‌టెక్ కంపెనీ సొంత డ్రైవరును ప్యాకేజీగా వేయాలి. కన్సోల్‌లో పీకేజీ కమాండుతో రియల్‌టెక్-ఆర్ఈ-కేమాడ్ ఇన్‌స్టాల్ చేసి, బూట్ ఫోల్డర్‌లోని లోడర్.కాన్ఫ్.లోకల్ ఫైలులో దాన్ని లోడ్ చేసే రెండు లైన్లు చేర్చండి. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక ఆ లైన్లు తెర మీదే కనిపిస్తాయి. దాంతోపాటు నెట్‌వర్కింగ్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్లలో తప్పుల తనిఖీని లాన్ కార్డుకు అప్పగించే సదుపాయం) కూడా ఆపేయండి. ప్యాకెట్లను విడగొట్టే, కలిపే పనిని కార్డుకు అప్పగించే టీఎస్ఓ, ఎల్ఆర్ఓ ఆపి ఉన్నాయో లేదో చూడండి. అవి సర్వర్లకి మంచివే, కానీ ప్యాకెట్లను అటు నుంచి ఇటు దాటించే పెట్టెలో వాటి వల్ల చిక్కులే.

ఇంకో సభ్యుడు (బెంగళూరు నుంచి)

ఇంత కష్టం ఎందుకండీ, ఇంటెల్ ఐ226 పోర్టులున్న ఎన్100 పెట్టెలు రెండు కొంటే రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి కదా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

పోతాయి, డబ్బుంటే నేనూ అదే అంటాను. కానీ 200 ఎంబీపీఎస్ లైనుకి ఉన్న పెట్టె సరిపోతుందేమో చూడకుండా కొత్తవి కొనిపించడం నాకు ఇష్టం లేదు. కొనేవాళ్లు ఒకటి గమనించాలి: ఐ225, ఐ226 పోర్టులకు ఐజీసీ డ్రైవరు కావాలి, అది పీఎఫ్‌సెన్స్‌కు ఆధారమైన ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ 13.1తో 2022లో వచ్చింది. అంతకంటే పాత వెర్షన్ మీద ఉన్న ఫైర్‌వాల్‌కు ఆ పోర్టులు కనిపించకపోవచ్చు. ఐ225 తొలి విడత చిప్‌లలో 2.5 గిగాబిట్ వేగం దగ్గర లోపం ఉండేది, సెకండ్‌హ్యాండ్‌లో అవి తగలొచ్చు. డెస్క్‌టాప్ పీసీని ఫైర్‌వాల్ చేసుకునేవాళ్లకు సర్వర్ల నుంచి తీసిన ఇంటెల్ ఐ350 లాన్ కార్డు ఇప్పటికీ నా మొదటి ఎంపిక. నకిలీవి బాగా తిరుగుతున్నాయి, వెనక్కి తీసుకుంటామన్న చోటే కొనండి. యూఎస్‌బీ లాన్ ముక్కలు మాత్రం ఆఫీసు ఫైర్‌వాల్‌కు వద్దు.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ముందు తెనాలిలో, తర్వాత ఇక్కడ రియల్‌టెక్ డ్రైవరు మార్చాను. వారం రోజులుగా లాగ్‌లో ఒక్క వాచ్‌డాగ్ లైను కూడా లేదు. ఆదివారం కూర్చుని వైర్‌గార్డ్ పెట్టాను. బ్యాకప్ ఇప్పుడు 150 దాకా వెళ్తోంది, నాలుగు కోర్లూ పనిచేస్తున్నాయి. కార్డుకని పక్కన పెట్టిన డబ్బుతో రెండు ఆఫీసులకూ యూపీఎస్ బ్యాటరీలు మార్పించాను. చాలా థాంక్సండీ. పీఎఫ్‌సెన్స్ అప్‌డేట్ వస్తే ఈ డ్రైవరు అలాగే ఉంటుందా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

చాలా సంతోషం మేడమ్. డ్రైవరు కర్నెల్ వెర్షన్‌కు సరిపోవాలి, కాబట్టి పెద్ద అప్‌డేట్ అయ్యాక ఆ ప్యాకేజీని మళ్లీ వేయాల్సి రావచ్చు. ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్టెకు మానిటర్, కీబోర్డు తగిలించి, మీరు పక్కనే ఉన్నప్పుడే చేయండి. తెనాలి పెట్టెను గుంటూరులో కూర్చుని అప్‌డేట్ చేయకండి. జీఎస్టీ రిటర్నుల హడావిడి అయ్యాక, 20వ తేదీ దాటాక పెట్టుకోండి.