జాన్ వుడెన్: తొలి టైటిల్‌కు ముందు గడిచిన పదిహేను సీజన్లను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడేవారు జాన్ వుడెన్ పేరు రాగానే, 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్ళలో పది జాతీయ టైటిళ్ళు, వాటిలో ఏడు వరుసగా, అని చెప్పి ఊరుకుంటారు. కానీ లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. విశ్వవిద్యాలయంలో ఆయన హెడ్ కోచ్‌గా చేరింది 1948లో. తొలి టైటిల్ వచ్చింది పదహారో సీజన్‌లో. అంతకు ముందు పదిహేను సీజన్ల పాటు ఆయన పనితీరు ఎలా ఉండేది? ఆ కాలంలో ఆయనకు తెలియనిది, తర్వాత తెలిసినది ఏమైనా ఉందా, లేక మంచి ఆటగాళ్ళు దొరకడమే తేడానా? నాలుగైదేళ్ళలో ఫలితం రాకపోతే కోచ్‌ను మార్చే నేటి పద్ధతిలో అలాంటి వ్యక్తి నిలబడగలిగేవాడా అన్న సందేహం కూడా నన్ను వదలడం లేదు.

జవాబు 1

ఆ పదిహేను సీజన్లను వైఫల్యం కింద జమకట్టడం సరికాదు. ఆయన రాకకు ముందు 12 ఆటలు గెలిచి 13 ఓడిన జట్టు, ఆయన తొలి సీజన్‌లోనే 22 గెలిచి 7 మాత్రమే ఓడింది. టైటిల్ రాకపోవడంలో ఆనాటి టోర్నమెంటు నియమాలకు పెద్ద పాత్ర ఉంది. 2011లో 68 జట్లకు పెరిగిన ఎన్.సి.ఎ.ఎ. (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం) టోర్నమెంటులో 1950 వరకు ఎనిమిది జట్లకే చోటుండేది. ఆ తర్వాత సంఖ్య పెరిగినా, 1974 దాకా ఒక్కో కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల బృందం) నుంచి ఒక్క జట్టునే తీసుకునేవారు కాబట్టి, కాన్ఫరెన్స్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు ఎంత బలమైనదైనా దాని సీజన్ అక్కడితో ముగిసిపోయేది. పైగా యు.సి.ఎల్.ఎ. ఉన్న పశ్చిమ తీరంలో పోటీ తక్కువేమీ కాదు. బిల్ రసెల్ ఆడిన శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం 1955, 1956లలో వరుసగా జాతీయ విజేత అయింది. పీట్ న్యూయెల్ శిక్షణలోని కాలిఫోర్నియా జట్టు 1959లో టైటిల్ గెలిచి, మరుసటి ఏడు మళ్ళీ ఫైనల్ ఆడింది. కాలిఫోర్నియా, యు.సి.ఎల్.ఎ.లు రెండూ అప్పట్లో ఒకే కాన్ఫరెన్స్‌లో ఉండేవి. ఇంత పోటీలోనూ వుడెన్ జట్టు 1950, 1952, 1956లలో టోర్నమెంటుకు చేరింది. 1962లో సెమీఫైనల్‌కు వెళ్ళి సిన్సినాటి చేతిలో 72-70 తేడాతో, అంటే ఒక్క బుట్ట దూరంలో, ఓడింది.

వసతుల విషయం కూడా మరువకూడదు. యు.సి.ఎల్.ఎ. సొంత ఆటమందిరం పాలీ పెవిలియన్ తెరుచుకున్నది 1965లో. అప్పటివరకు జట్టు సాధన చేసింది ఒక పాత వ్యాయామశాలలో, కుస్తీ, జిమ్నాస్టిక్స్ చేసేవారితో స్థలం పంచుకుంటూ. సాధనకు ముందు నేల మీది దుమ్మును కోచ్ స్వయంగా తుడిచేవాడు. అలాంటి చోటికి మంచి ఆటగాణ్ణి రప్పించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

జవాబు 2

వసతులు, నియమాల సంగతి ఒప్పుకుంటాను కానీ, మొదటి టైటిల్ వచ్చేనాటికి ఆ రెండూ మారలేదు కదా! 1963-64లో అదే పాత వ్యాయామశాల, అదే కాన్ఫరెన్స్ నియమం. మారింది ఆట. సహాయ కోచ్ జెర్రీ నార్మన్ పట్టుబట్టి సూచించిన 2-2-1 జోన్ ప్రెస్‌ను వుడెన్ ఆ ఏడు జట్టంతటికీ అలవాటు చేశాడు. ప్రత్యర్థి బంతిని కోర్టులోకి విసిరిన క్షణం నుంచే కమ్ముకుని, తీరిగ్గా ఆడనివ్వకుండా తొందరపెట్టడం దీని ఉద్దేశం. బంతి లాక్కోవడం కంటే ఆట వేగాన్ని పెంచి ఎదుటివారిచేత పొరపాట్లు చేయించడమే ముఖ్యం. ఆ జట్టు తొలి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలకు మించిన వాడే లేడు. వాల్ట్ హజార్డ్, గెయిల్ గుడ్‌రిచ్, కీత్ ఎరిక్సన్, ఫ్రెడ్ స్లాటర్, జాక్ హిర్ష్ ఆడిన ఆ జట్టు 30 ఆటలూ గెలిచింది. ఫైనల్‌లో డ్యూక్ మీద రెండున్నర నిమిషాల్లో వరుసగా 16 పాయింట్లు చేసి, చివరికి 98-83తో నెగ్గింది.

నా దృష్టిలో ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు ఉంది. పదిహేనేళ్ళు హెడ్ కోచ్‌గా పనిచేసి, అప్పటికే పేరున్న మనిషి, తన కింద పనిచేసే వ్యక్తి మాట విని ఆటనే మార్చుకోవడం చిన్న విషయం కాదు. ప్రతి సీజన్ ముగిశాక ఆయన ఆటలోని ఏదో ఒక అంశాన్ని ఎంచుకుని, దాని మీద దొరికినదల్లా చదివి, ఇతర కోచ్‌లను అడిగి తెలుసుకునేవాడు. ఆ అలవాటు లేనివాడైతే నార్మన్ మాట చెవికెక్కేది కాదు.

జవాబు 3

ఆటగాళ్ళ పాత్రను మీరిద్దరూ తక్కువ చేస్తున్నారు. 1965 నవంబరులో పాలీ పెవిలియన్‌లో జరిగిన మొదటి ఆటలో, వరుసగా రెండేళ్ళు జాతీయ విజేతలైన ప్రధాన జట్టును మొదటి సంవత్సరం విద్యార్థుల జట్టు 75-60తో ఓడించింది. ఆ కుర్రాళ్ళలో లూ ఆల్సిండర్, అంటే తర్వాతి కాలపు కరీం అబ్దుల్ జబ్బార్, ఉన్నాడు. మొదటి ఏడాది విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనివ్వని రోజులవి కాబట్టి 1966 టైటిల్ చేజారింది, ఆ తర్వాత ఏడు వరుసగా వచ్చాయి. జట్టుకు సన్నిహితుడైన ఒక ధనిక అభిమాని ఆటగాళ్ళకు చేసిన సాయం గురించిన ప్రశ్నలు కూడా ఆ చరిత్రలో భాగమే. వుడెన్ వెళ్ళిపోయాక 1981లో ఎన్.సి.ఎ.ఎ. చర్య తీసుకుని, ఆ జట్టు 1980 ఫైనల్ స్థానాన్ని రద్దు చేసింది. ఇవి చెప్పకుండా ఆయనను కొలవడం న్యాయం కాదు.

అలాగే టైటిళ్ళ లెక్కలోకి రాని మంచిని కూడా చెప్పాలి. యు.సి.ఎల్.ఎ.కు ముందు ఇండియానా స్టేట్‌లో ఉండగా, నల్లజాతి ఆటగాడు క్లారెన్స్ వాకర్‌ను ఆడనివ్వరన్న కారణంగా 1947లో జాతీయ టోర్నమెంటు ఆహ్వానాన్ని ఆయన తిరస్కరించాడు. మరుసటి ఏడు నియమం మారింది, వాకర్ ఆడాడు. నేనైతే ఆయన వృత్తి జీవితాన్ని అక్కడినుంచే చెప్పడం మొదలుపెడతాను.

జవాబు 4

నేడైతే నిలబడేవాడా అన్న ప్రశ్నకు: మైక్ షషెఫ్‌స్కీ 1980లో కోచ్‌గా డ్యూక్‌కు వచ్చాక మొదటి మూడు సీజన్లలో 38 గెలిచి 47 ఓడాడు. తొలగించాలని అభిమానులు పట్టుబట్టినా, క్రీడా విభాగాధిపతి టామ్ బటర్స్ ఆయనను వదులుకోలేదు. ఆ తర్వాత అయిదు టైటిళ్ళు వచ్చాయి. 1965లో నార్త్ కరోలినా విద్యార్థులు తమ కోచ్ డీన్ స్మిత్ దిష్టిబొమ్మను ఉరితీశారు. ఆయన 879 విజయాలతో 1997లో విరమించాడు. అంటే ఓపిక లేకపోవడం నేటి జబ్బు కాదు, ఆనాడూ ఉంది. అడ్డుపడి ఆపగలిగిన మనిషి ఒకడు ఉండేవాడు. 2021 నుంచి ఆటగాళ్ళు సీజన్ నష్టపోకుండా కాలేజీ మారడానికి, తమ పేరు మీద డబ్బు సంపాదించడానికి వీలు కలిగింది. ఆటగాళ్ళకు ఇది న్యాయమే. అయితే నాలుగేళ్ళ పాటు ఒక జట్టును మలిచే పద్ధతి మాత్రం దాదాపు పోయింది. 2019లో వర్జీనియాకు టైటిల్ తెచ్చిన టోనీ బెనెట్ 2024 అక్టోబరులో, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఈ కొత్త వాతావరణానికి తాను తగనంటూ తప్పుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వుడెన్ సాధన ఎలా చేయించేవాడో ఎవరైనా దగ్గరనుంచి చూసి నమోదు చేశారా?

జవాబు 2 రాసినవారు

చేశారు. 1974-75లో, అంటే ఆయన చివరి సీజన్‌లో, రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పదిహేను సాధనలు చూసి, ఆయన చెప్పిన, చేసిన 2,326 చర్యలను వర్గీకరించారు. వాటిలో ముప్పాతిక వంతు ఏం చేయాలి, ఎలా చేయాలి అన్న సమాచారమే. మెచ్చుకోలు 6.9 శాతం, మందలింపు 6.6 శాతం. తప్పు జరిగితే ఆట ఆపి, సరైన పద్ధతి చేసి చూపి, ఆటగాడు చేసిన తప్పును అనుకరించి, మళ్ళీ సరైనది చూపేవాడు. అంతా కలిపి కొద్ది క్షణాలు. వెంటనే ఆట తిరిగి మొదలయ్యేది.