ఎస్. రాజేశ్వరరావు పేరు కొడితే డప్పుల రీమిక్స్ వస్తోంది, ఏ యాప్ నయం?

గోస్తనీ తీరం: సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, పదకొండయింది. నాన్నగారికి ఎస్. రాజేశ్వరరావు పాటలు వినిపిద్దామని పేరు కొట్టి ఆర్టిస్ట్ రేడియో (ఆ పేరుని బట్టి యాప్ తనంతట తానే పాటలు ఎంచి వరసగా వినిపించేది) నొక్కాను. రెండు పాటలు బాగానే వచ్చాయి. మూడోది డప్పుల రీమిక్స్. అరుగు మీద కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేసుకుంటున్న మనిషి ఠక్కున చెయ్యి ఆపేసి "ఇదేంట్రా" అన్నారు. ప్రాణం ఉసూరుమంది. మూడు యాప్‌లు మార్చాను, ఇదే తంతు. డబ్బు కట్టడానికైనా సిద్ధం. ఒక ఆర్టిస్ట్ పేరు ఇస్తే ఆ తరహా పాటలే వరసగా ఇచ్చే యాప్ ఏదో చెప్పండి.

నల్లకలువ: ఏ యాప్‌లు? అకౌంట్ ఎవరిది? అవి చెప్పకపోతే ఎవరేం చెప్తారు?

పాత రేడియో: బాబూ, ముందు ఒక మాట. రాజేశ్వరరావు గారు ఆర్టిస్ట్ కాదు, సంగీత దర్శకులు. ఈ యాప్‌లు పాడినవాళ్ళనీ, బాణీ కట్టినవాళ్ళనీ, ఒక్కోసారి పాట రాసినవాళ్ళనీ కూడా ఆర్టిస్ట్ అనే ఒకే గంపలో పడేస్తాయి. రేడియోలో పాట వేసే ముందు సినిమా పేరు, రచన, సంగీతం, పాడినవారు అని విడివిడిగా చెప్పేవారు. వినీ వినీ మాకు ఎవరి బాణీ ఏదో తెలిసిపోయేది. ఆ మర్యాద పోయింది, అందుకే ఈ గందరగోళం.

గ్రామఫోను: ఆయన ఆర్టిస్ట్ కాదంటే ఎలా సార్? ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన గ్రామఫోను రికార్డులు మీరు వినలేదా? చక్కటి గాయకుడు.

పాత రేడియో: విన్నాను, కాదనను. కానీ ఆయన సంగీతం చేసిన 1951 నాటి మల్లీశ్వరి సినిమాలో పాడింది ఘంటసాల, భానుమతి. వాళ్ళ నాన్నగారికి కావలసింది ఆ బాణీ, ఈయన గొంతు కాదు.

గ్రామఫోను: అది మీరెలా చెప్తారు? వాళ్ళ నాన్నగారు బాణీ కావాలనో గొంతు కావాలనో అడగలేదు కదా.

హెడ్‌ఫోన్: పెద్దవాళ్ళు క్షమించాలి. ఆర్టిస్ట్ రేడియో ప్రధానంగా చూసేది ఆ ఆర్టిస్ట్‌ని విన్నవాళ్ళు ఇంకేం విన్నారు, ఏయే పాటలు పక్కపక్కన పెట్టుకున్నారు అనేది. దాని మీద మన అకౌంట్లో మనం విన్నవి కలుస్తాయి. యూట్యూబ్ మ్యూజిక్‌లో జనం ఎక్కించిన పాత పాటలు కూడా దొరుకుతాయి, అది పెద్ద లాభం. కానీ అదే అకౌంట్‌తో యూట్యూబ్‌లో చూసినవి కూడా లెక్కలోకి వస్తాయి. స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ (అప్పుడు విన్నవి మన లెక్కలో పెద్దగా కలవవు) పెట్టుకోవచ్చు, ఏదైనా ప్లేలిస్ట్‌ని మన అభిరుచి లెక్కలోంచి తీసేయొచ్చు కూడా. యాపిల్ మ్యూజిక్‌లో మనం విన్న పాటల హిస్టరీ వాడకుండా ఆపొచ్చు. గోస్తనీ గారూ, ఆ ఫోన్లో ఇంకెవరైనా పాటలు వింటారా?

గోస్తనీ తీరం: మా అమ్మాయి డాన్స్ ప్రాక్టీసు దాంట్లోనే. రోజూ గంట. దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు.

నల్లకలువ: అదే మొదట అడిగాను.

హెడ్‌ఫోన్: మూడు యాప్‌లలోనూ ఆ అమ్మాయి వింటుందా?

గోస్తనీ తీరం: రెండింట్లో. మూడోది ఇవాళే వేశాను, అందులోనూ కొత్త పాటలే వచ్చాయి.

హెడ్‌ఫోన్: కొత్తదానికి మీ గురించి ఏమీ తెలియదు కాబట్టి ఎక్కువమంది వినేవే ఇస్తుంది. నాన్నగారికి వేరే అకౌంట్ తెరవండి. భాష తెలుగు ఒక్కటే పెట్టండి. ఆర్టిస్ట్ పేరుతో కాకుండా ఆయనకి బాగా నచ్చిన ఒక పాట తీసుకుని, ఆ పాట రేడియో నొక్కండి. తేడా వచ్చిన పాటని వెంటనే దాటేయండి. పేరు కూడా ఎస్. రాజేశ్వరరావు అని ఒకసారి, సాలూరి రాజేశ్వరరావు అని ఒకసారి వెతకండి, పాటలు రెండు చోట్లా చీలిపోయి ఉండొచ్చు.

పాత రేడియో: సాలూరి అని కొడితే ఆయన అన్నగారు హనుమంతరావు కూడా వస్తారు. ఆయనా సంగీత దర్శకులే, కంగారుపడకండి.

గోస్తనీ తీరం: వేరే అకౌంట్‌తో పెట్టాను. ఏడు పాటలు వరసగా ఆ కాలానివే వచ్చాయి. ఎనిమిదోది ఏదో భక్తి పాట, అదీ బాగానే ఉందన్నారు. థాంక్సండీ, రేపు ఇంకోటి చూస్తాను.

గ్రామఫోను: ఆయన సొంతగా పాడినవి ఏ యాప్‌లో ఎక్కువ ఉన్నాయో ఎవరైనా చెప్పగలరా?