చచ్చి ఒడ్డుకొచ్చిన తాబేలుకి దండం పెట్టుకుంటే తప్పా?

అడిగినవారు: సాగర్ నగర్ వాకర్

మాది విశాఖ. పొద్దున్నే బీచ్‌లో నడవడం అలవాటు. జనవరి వచ్చిందంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. చచ్చినవీ కొట్టుకొస్తాయి. మొన్న చూసినదానికి మెడ ఉబ్బిపోయి ఉంది, డిప్ప మీద మాత్రం చిన్న గీత కూడా లేదు. ముందరి రెక్క మొదట్లో నైలాన్ తాడు ఒరుసుకున్నట్టు తెల్లటి చార.

అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంట్లో ఎవరి ముందూ ఏడవని దాన్ని, అక్కడ నిలబడి ఏడ్చేశాను. చెప్పులు విడిచి దండం పెట్టుకుని, దోసిళ్లతో ఇసుక పోసి, "కూర్మనాథా, చేర్చుకో తండ్రీ" అన్నాను. నిజం చెప్పొద్దూ, అమ్మ పెద్దకర్మ రోజు కూడా మనసు అంత తేలికపడలేదు.

మా ఆయన నవ్వారు. "వారానికి రెండుసార్లు చేపల పులుసు తింటూ తాబేలుకి తద్దినమా?" అని. మనవాళ్లలో ఇలాంటిది ఉందా అసలు? లేక నా ఏడుపు దాని మీద రుద్దుతున్నానా?

గోదారి గట్టు

ఉంది తల్లీ. జటాయువు సంగతి గుర్తుచేసుకోండి. సీతను ఎత్తుకుపోయిన బాధ కంటే నా కోసం ఈ పక్షి చచ్చిపోవడమే ఎక్కువ బాధగా ఉందంటాడు రాముడు లక్ష్మణుడితో. చితి పేర్చి తనే నిప్పు పెట్టి, మా గోదావరిలోనే దిగి నీళ్లు వదిలాడు. ఇంకోటి చూడండి. దశరథుడు పోయినప్పుడు రాముడు అడవిలో ఉన్నాడు, దహనం చేసింది భరతుడు. నాన్నకి చేయలేకపోయింది నాన్న స్నేహితుడైన పక్షికి చేశాడాయన. రుద్దడం అంటే అదీ రుద్దడమే మరి!

మా ఊళ్లో కరెంటు తీగ తగిలి కోతి పోతే డప్పులతో ఊరేగించి పూడ్చారు. ఎవరూ వింతగా చూడలేదు.

ఒక్కమాట

ఓదార్పు సరే. ఆ తాబేలు ఆయువు తీరి పోలేదండీ. దానికీ మనలాగే ఊపిరితిత్తులే, పైకొచ్చి గాలి పీల్చాలి. ట్రాలర్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. డిప్ప మీద గీత లేకపోవడం అందుకే కావచ్చు. మరబోట్లు ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదని మన రాష్ట్రంలో చట్టమే ఉంది. తాబేలు తప్పించుకునేలా వలకి బిగించే టెడ్ అనే చట్రమూ ఉంది. దేవుడు చేర్చుకున్నాడు అనేసుకుంటే ఇక ఎవరినీ నిలదీయక్కర్లేదు కదా? అదే నాకు మింగుడుపడదు.

గార కుర్రోడు

మాది శ్రీకూర్మం దగ్గర, వేటకెళ్లే ఇల్లు. గుళ్లో మూలవిరాట్టే తాబేలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. వలలో తాబేలు ప్రాణంతో పడితే మా నాన్న వల కోసైనా వదిలేస్తాడు, నష్టం మాదే. పసుపు కుంకుమ పెట్టి సాగనంపేవాళ్లూ ఉన్నారు. చచ్చి పడిందా, ఆ పూట నాన్నకి అన్నం సయించదు.

ఒక్కమాట గారూ, దండం పెడితే నోరు మూతపడుతుందని మీకెవరు చెప్పారు? మా నాన్న దండం పెట్టిన నోటితోనే పెద్దబోట్ల వాళ్లని తిడతాడు. వాళ్లు లోపలికొస్తే తాబేలుతో పాటు మా వలలూ పోతాయి. అమ్మా, చేపలు తినేవాళ్లు ఏడవకూడదంటే మా ఊళ్లో ఎవరూ ఏడవకూడదు.

ఇసుక గూడు

తాబేలు గుడ్ల సంరక్షణలో వాలంటీర్‌గా చేశాను. ఈసారి చేత్తో ముట్టకండి, అటవీ శాఖకి కబురు చేయండి. దోసెడు ఇసుక ఆగదు, కుక్కలు లాగేస్తాయి. లోతుగా గొయ్యి తీయాలి. డిప్ప పవిత్రమని ఇంటికి తెచ్చుకునేవాళ్లున్నారు, అది నేరం. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1 జీవి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది.

ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. సుమారు 45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. సముద్రంలోకి వదిలేటప్పుడు మీరూ రండి.

సాగర్ నగర్ వాకర్

అందరికీ దండాలు. రాముడి సంగతి అమ్మే చెప్పేది, ఇటు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్కమాట గారూ, దండం మానను, కానీ ఇకమీద ఫోన్ చేశాకే పెడతాను. రెక్క మీద తాడు చార ఫోటో తీస్తే పనికొస్తుందా? గార బాబూ, నీ మాట మా ఆయనకి చదివి వినిపించాను. పులుసు ఊసెత్తలేదు.

ఇసుక గూడు గారూ, పిల్లల్ని వదిలేది పొద్దున్నా, సాయంత్రమా? నాకు షుగర్, ఏదో ఒకటి తినే బయల్దేరాలి.