నాన్న ఆస్తి మనకొస్తే పన్ను కట్టాలా?

బంగారుపాళెం_తోట: మా నాన్న పోయారు. తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు, ఊళ్ళో మామిడి తోట ఉన్నాయి. చిన్నాన్న కొడుకేమో ‘వారసత్వ పన్ను వచ్చేస్తోంది, ఈలోపే ఏదో ఒకటి చేసుకో’ అని టెన్షన్ పెడుతున్నాడు. నిజంగా ఉందా? కట్టినవాళ్ళున్నారా?

కొర్లగుంట_అన్న: లేదు తమ్ముడూ. 2024 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా అమెరికాలోని వారసత్వ పన్ను గురించి మాట్లాడితే రేగిన గోల ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది. చట్టమైతే రాలేదు.

చిత్తూరు_పాత_గుమస్తా: ఒకప్పుడు ఉండేది. 1953 అక్టోబర్ 15 నుంచి ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవాళ్ళు వదిలిన ఆస్తి మీద పన్ను. నేను ఆడిటర్ దగ్గర చేరిన కొత్తల్లో ఆ ఫైళ్ళు చూశాను. మనిషి పోయిన ఆరు నెలల్లోపు ఇల్లు, బంగారం, బ్యాంకు డబ్బు అన్నీ లెక్కగట్టి దాఖలు చేయాలి. చనిపోయే ముందు రెండేళ్ళలో దానంగా రాసిచ్చింది కూడా అందులో కలిపేవారు. ముందే పిల్లల పేరున రాసేస్తే పోలా అనుకున్నవాళ్ళకు అక్కడే దెబ్బ. చివరి రోజుల్లో 20 లక్షలు దాటిన భాగం మీద రేటు 85 శాతం! అంత ఉన్నవాళ్ళు ట్రస్టులనీ, ఉమ్మడి కుటుంబమనీ చూపించి చాలావరకు జారుకునేవారు. కర్మంతరం కాకముందే నగల తూకం వేయించాల్సి వచ్చింది మాత్రం మధ్యతరగతి ఇళ్ళలోనే.

1985లో ఆర్థిక మంత్రి వీపీ సింగ్ తీసేశారు. వచ్చేది ఏటా సుమారు 20 కోట్లే, వసూలుకు అయ్యే ఖర్చు ఎక్కువ, పైగా అదే ఆస్తి మీద సంపద పన్ను ఒకటి. 1985 మార్చి 16 నుంచి జరిగిన మరణాలకు ఆ పన్ను లేదు. సంపద పన్ను కూడా 2015 బడ్జెట్‌తో పోయింది.

పుత్తూరు_లెక్చరర్: సరిగ్గా వసూలు చేయలేకపోయారు కాబట్టి ఆ పన్నే తప్పని నేను ఒప్పుకోను. మొదట్లో దీని ఉద్దేశం సమానత్వం కూడా కాదు. రోమ్‌లో అగస్టస్ చక్రవర్తి 5 శాతం వేసింది రిటైరైన సైనికులకు ఇవ్వడానికి, అదీ దగ్గరి బంధువులను వదిలేసి. జపాన్ 1905లో తెచ్చింది రష్యాతో యుద్ధం ఖర్చుకు. పుట్టుకతో వచ్చే తేడా తగ్గించాలన్న మాట తర్వాత గట్టిపడింది. మన 1953 చట్టం వెనుక ఆ ఆలోచన స్పష్టంగా ఉంది. వ్యవసాయేతర ఆస్తి మీద వసూలైంది రాష్ట్రాలకే పంచేవారు.

కొర్లగుంట_అన్న: మేడమ్, మా నాన్న టీ అంగడి మీద సంపాదించి ఇల్లు కట్టాడు. స్థలం రేటు పెరిగింది గానీ మా చేతిలోకి పైసా రాలేదు. పన్ను కట్టాలంటే ఆ ఇల్లే అమ్మాలి.

పుత్తూరు_లెక్చరర్: మీ ఇంటికి ఎవరు వేయమన్నారండీ? పరిమితి బాగా పైన పెడితే సరి. బ్రిటన్‌లో 3,25,000 పౌండ్ల దాకా పన్నే లేదు.

లండన్_తిరుపతోడు: ఆ పరిమితి 2009 నుంచి కదల్లేదు మేడమ్! ఇళ్ళ ధరలు పెరుగుతూ పోయాయి, మామూలు ఇంటి వాళ్ళు కూడా 40 శాతం పన్ను లెక్కలోకి వస్తున్నారు. ఇంకోటి, ఇక్కడ పదేళ్ళు దాటి ఉన్నవాళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి విదేశీ ఆస్తులూ లెక్కే. తిరుపతిలో నాన్న పోతే నాకేం పడదు, నేను పోతే నా పేరున ఉన్నదానికి పడొచ్చు. భారత్‌తో ఈ పన్ను గురించి 1956 నాటి ఒప్పందం ఒకటుంది, అందుకే సలహా తీసుకుంటున్నాను.

పీలేరు_కోడలు: ఆ పుకారు విని మా మామగారు హడావిడిగా ఇల్లు కొడుక్కి దాన సెటిల్‌మెంట్ చేసేశారు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ. తర్వాత మా బావగారు అన్నం పెట్టడమే మానేశారు. పోషిస్తాడనే షరతు దస్తావేజులో ఉండబట్టి 2007 పెద్దల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్‌లో రద్దయింది. భయపడి మాత్రం రాయించకండి.

చిత్తూరు_పాత_గుమస్తా: తోట తమ్ముడూ, వారసత్వంగా రావడానికి ఆదాయపు పన్ను లేదు. అమ్మినప్పుడు వచ్చే లాభం మీద ఉంటుంది. నాన్నగారు ఇల్లు ఎప్పుడు కొన్నారు?

బంగారుపాళెం_తోట: 1988లో. పత్రాలున్నాయి.

చిత్తూరు_పాత_గుమస్తా: అయితే అమ్మేటప్పుడు, ఇల్లు మీ దగ్గరున్న కాలాన్ని ఆయన కొన్న నాటి నుంచే లెక్కేస్తారు. లాభం లెక్కకు కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. తోట మునిసిపాలిటీకి దూరంగా ఉన్న సాగు భూమి అయితే అమ్మినా ఆ పన్ను రాదు. ఇప్పటికి మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ తీసుకుని రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్‌కు పెట్టండి. అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళ పేర్లు వదిలేయకండి, వాళ్ళకూ సమాన వాటా ఉంది.