సమస్యాపూరణం: “చేరువైన కొలది దూరమయ్యె”

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి పూరించవలసినది ఆటవెలది నాలుగవ పాదం:

చేరువైన కొలది దూరమయ్యె

విషయం, ఫోనూ తెరా రాయబారులైన కాలంలోని వలపు. మనకు కావలసినది ప్రేమగీతం కనుక శృంగారమే ప్రధానరసంగా ఉండాలి. పాదంలో ఐదు సూర్యగణాలున్నాయి (రెండు, మూడు అక్షరాల చిన్న గణాలు). ‘చేరు’, ‘దూర’ అన్నచోట రకారంతో ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం) కుదిరింది. దగ్గర కావడం, దూరం కావడం ఒకే వస్తువుకు ఎలా పొసగుతాయో మీ మూడు పాదాలు చెప్పాలి. కర్తను మార్చుకోవచ్చు, పదాన్ని విరుచుకోవచ్చు, కొత్త సందర్భం కల్పించుకోవచ్చు.

మొదటి పూరణ

ఫోను, చాటు, లైకు, పోస్టులు, రీల్సులు,
నెట్టు, డేటు, యాపు, నీలి టిక్కు
లిన్ని యున్న గాని యెందుకో వలపేమొ
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: గణాలు, యతులు నిర్దుష్టంగా ఉన్నాయి. అన్యదేశ్యాలు వాడినందుకు నాకు అభ్యంతరం లేదు. నోట నలిగిన మాట పద్యంలోకి రావలసిందే. అయితే ‘ఎందుకో’ అన్న పదం దగ్గర పూరణ ఆగిపోయింది. ఎందుకు దూరమైందన్నదే సమస్య అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్ననే పద్యం తిరిగి అడిగితే సమస్య అలాగే మిగిలిపోతుంది. మొదటి రెండు పాదాలలో ఉన్న తొమ్మిది పేర్లలో ఏ ఒక్కదాన్ని తీసేసినా పద్యానికి లోటు రాదు. అంటే వాటిలో ఏదీ పని చేయడం లేదు. ఒక్క వస్తువును తీసుకుని, అది ప్రేమికుల మధ్య ఏం చేస్తున్నదో చూపితే చాలు. ఫోనులో పంపే సంక్షిప్త సందేశానికి ఆంగ్లంలో 160 అక్షరాల హద్దు ఉంటే, తెలుగు లిపిలో 70 సంకేతాలే దక్కుతాయి. గుణింతపు గుర్తులూ వత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఒక ఆటవెలది ఆ హద్దులో ఇమడక రెండవ సందేశంలోకి పొంగుతుంది. ఇంత ఇరుకు చోటులో తొమ్మిది నామవాచకాలకు తావు ఇవ్వవచ్చునా అని కవి తనను తాను ప్రశ్నించుకోవాలి.

రెండవ పూరణ

ఒక్క గదిని జేరి యొకరి నొకరు చూడ
మరచి తెరల లోన మనసు లునిచి
చేతి ఫోను లందు చిక్కిన జంటయే
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: సమస్య తీరింది. దేహాలు దగ్గరగా, మనసులు ఎక్కడో ఉన్నాయన్న విరోధపరిహారం సూటిగా ఉంది. కాని ఇది బయట నిలబడి చూస్తున్నవారు చెప్పిన మాట. ఆ జంటలో ఒకరు పలికి ఉంటే ప్రేమగీతం అయ్యేది. ఇప్పుడు హితబోధగా మిగిలింది.

మూడవ పూరణ

నీలి గుర్తు లొదిగె నే పంపు లేఖకు,
బదులు మాత్ర మింత వరకు రాదు;
తాను తెరను వెలుగ, తనదు హృదయమేమొ
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: ఇక్కడ నాయిక నోరు విప్పింది, సంతోషం. వస్తువు కూడా ఒక్కటే. విరహోత్కంఠిత నాయిక చక్కగా రూపు కట్టిందని నా అభిప్రాయం.

ఒక సభ్యురాలి అభిప్రాయం: అయ్యా, మన్నించాలి. ప్రియుడు రావడం ఆలస్యమైనందుకు కలత పడేది విరహోత్కంఠిత. ఆమెకు అతని జాడ తెలియదు. దారిలో ఏ అడ్డు వచ్చిందో అని ఊహించుకుంటుంది. ఈ నాయికకు జాడ తెలుసు. లేఖ చేరిందని తెలుసు, చదివాడని తెలుసు, ఈ క్షణాన మేలుకుని తెర ముందు ఉన్నాడని కూడా తెలుసు. ఊహకు చోటే మిగలలేదు. కలుసుకుందామనుకున్న చోటికి తాను వెళ్లినా ప్రియుడు రాక వంచితురాలైన విప్రలబ్ధకే ఈమె దగ్గర. ఇంకా చెప్పాలంటే, విప్రలబ్ధకు ఆ చోటు శూన్యంగా కనిపిస్తుంది. ఈమెకు అతడు అక్కడే కనిపిస్తున్నాడు, ఈమె వైపు మాత్రం తిరగడు. అష్టవిధ నాయికలలో ఈ అవస్థకు సరిగ్గా సరిపోయే పేరు లేదు.

మరొక సభ్యుడు: అయితే ఖండిత అనరాదా? వేరొకరితో మాటలాడుతూ ఉండవచ్చు కదా.

సభ్యురాలి సమాధానం: పరస్త్రీ గుర్తులు ప్రియునిపై కనిపించినప్పుడే ఖండిత. పద్యంలో అటువంటి గుర్తు ఒక్కటీ లేదు. ఆ అనుమానాన్ని మనం చేర్చితే నాయికకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

పరిశీలన, కొనసాగింపు: అమ్మా, మీ మాటే సరైనది, నా అభిప్రాయం మార్చుకున్నాను. ఈ చర్చ మన విషయానికి ఆయువుపట్టు కనుక మరికొంత చెబుతాను. పాత కావ్యాలలో విరహం అంటే వార్త లేకపోవడం. మేఘాన్ని పంపిన యక్షునికి అది చేరిందో లేదో తెలిసే వీలు లేదు. నలదమయంతుల కథలో హంస తిరిగి వచ్చి చెప్పేదాకా నలునికి దమయంతి మనసు తెలియదు. ఫోనుకు తొలి సంక్షిప్త సందేశం 1992 డిసెంబరు 3న వెళ్లింది. ఆ తర్వాత చాలా కాలం పాటు, అవతలివారు చదివారో లేదో మామూలుగా పంపినవారికి తెలిసేది కాదు. ‘ఇంకా చూడలేదేమో’ అని మనసుకు సర్దిచెప్పుకునే అవకాశం ప్రేమికులకు ఉండేది. 2014 నవంబరులో వాట్సాప్ నీలిగుర్తులను తెచ్చిన తరువాత, వాటిని ఆపివేయనివారి మధ్య ఆ ఊరట పోయింది. వార్త లేని విరహం వెళ్లి, ఆనవాళ్లు నిండిన విరహం వచ్చింది. ఇన్ని ఆనవాళ్లూ చూపించేది అతని ఉనికినే; అతని మనసును ఏదీ చూపదు. ఉనికి చేరువ కావడమే మనసు దూరమైందనడానికి సాక్ష్యం అవుతున్నది. మూడవ పూరణ పట్టుకున్నది ఇదే. మూడవ పాదంలోని ‘ఏమొ’ ఒక్కటి బలహీనంగా ఉంది. అన్నీ కళ్లారా చూసిన నాయిక నోట సందేహార్థకం అతకదు.

నాలుగవ పూరణ

పటము నందు కదలి వచ్చెడు చుక్కను
కనులు మూయకుండ కాచియుంటి;
క్షణము యుగము కాగ సాగుచు ప్రియురాక
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: ప్రియుడు తాను ఉన్న చోటును ఫోనులో పంచుకుంటే, నాయిక పటం మీద అతని చుక్కను చూస్తూ కూర్చున్నది. మొదటి రెండు పాదాలు కళ్లకు కడుతున్నాయి. ‘ప’కు ‘వ’తో యతిమైత్రి ఉన్నది కనుక మొదటి పాదానికి దోషం లేదు. మూడవ పాదంలో ‘క్షణము యుగము’ అనగానే పద్యం పాతబడింది. ఎన్ని వందల విరహాలకు ఈ మాట వాడి ఉంటారో! పటం మీది చుక్క నిజంగా ఎలా కదులుతుందో చెబితే ఆ ఆత్రుత దానంతట అదే వస్తుంది. సంకేతం తడబడినప్పుడు అది నిలిచిపోతుంది, ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది, మళ్లీ నిలుస్తుంది. ఇలా మార్చి చూడండి:

నిలుచు, నురుకు, మరల నిలుచు, నా ప్రియురాక
చేరువైన కొలది దూరమయ్యె.

పూరణకర్త: సవరణకు కృతజ్ఞతలు. చుక్క నడకే నాయిక గుండె నడక అయింది. మీ పాదాన్నే ఉంచుకుంటాను.

ఐదవ పూరణ

నీకు పగలు, నాకు నిశి, నడుమ కడలి;
తెరను వెలుగు నీదు తీయ నగవు;
యోజనముల కొలత యోడెను, మనసులు
చేరువైన, కొలది దూరమయ్యె.

పరిశీలన: అద్భుతం! ఒక్క అక్షరం మార్చకుండా, కేవలం విరుపుతో సమస్యను తలకిందులు చేశారు. ‘చేరువైన’ అంటే చేరువ కాగా. ‘కొలది దూరము’ అంటే కాస్తంత దూరం. మనసులు దగ్గరయ్యేసరికి యోజనాల ఎడం పిడికెడు ఎడమైంది. సమస్యలో ఉన్న నిరాశ అంతా ఎగిరిపోయి సంభోగశృంగారపు, అంటే కలిసి ఉన్నవారి వలపు, చాయ వచ్చింది. ఇంతవరకు వచ్చిన పూరణలు ఎక్కువగా తెరను నిందిస్తుంటే ఈ పద్యం దానికి కృతజ్ఞత చెప్పింది, అదీ నిజమైన మాటే. ‘కొలత’ ఓడినచోటే ‘కొలది’ నిలవడం నాకు ఎంతో నచ్చింది.

ఒక సభ్యుడు: ఈ అన్వయంలో ‘చేరువైన’ తరువాత చదివేవారు తప్పక ఆగాలి. చెవికి వినిపించేటప్పుడు విరుపు అందకపోవచ్చునేమో.

పరిశీలన: మంచి ప్రశ్న. పాడేవారు అక్కడ ఒక్క మాత్ర కాలం, అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంతసేపు, ఆగితే అందుతుంది.

ఆరవ పూరణ

చెలియ వ్రాయుచున్న చిహ్నమ్ము తెరపైన
మెరిసి యాగి మరల మెరియుచుండ,
మాట రాక ముందె మనసు నిండగ, నిద్ర
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: ఈ పద్యాన్ని పలుమార్లు చదువుకున్నాను. దూరమైనది చెలి కాదు, వలపు కాదు, నిద్ర. కర్తను మార్చడం పాత ఉపాయమే అయినా ఇక్కడ నిద్ర నిజంగానే దగ్గరకు వచ్చి వెనుదిరుగుతున్నది. గుర్తు ఆగినప్పుడు రెప్పలు వాలుతాయి, మెరిసినప్పుడు లేస్తాయి. ఆ మెరుపు ఆగి మళ్లీ మెరిసే లయలోనే నిద్ర రావడం, పోవడం జరుగుతున్నాయి. సమస్యలోని వైరుధ్యం ఇంత సహజంగా కరిగిన పూరణ ఇంతవరకు రాలేదు.

దీనిలో మరొక విశేషం ఉంది. వెన్నెల, మలయమారుతం, కోకిల కూత ఉద్దీపన విభావాలని, అంటే వలపును రగిలించేవని, లక్షణకారులు చెప్పారు. చెలి రాస్తున్నదని చెప్పే ఆ చిన్న గుర్తు మన కాలపు ఉద్దీపన విభావం. మాట పుట్టకముందే అది పుట్టబోతున్నదని తెలిపే రాయబారి నాకు తెలిసిన ఏ కావ్యంలోనూ లేదు. చెలి ఏదో రాసింది, ఆగింది, చెరిపింది, మళ్లీ రాస్తున్నది. ఆమె తడబాటును దూరం నుంచే చూడగలిగిన నాయకుడు మనకు కొత్త. ఈ పద్యంలో యంత్రం పేరు ఒక్కటీ లేదు. అయినా ఈ పద్యం వేరే కాలంలో పుట్టడానికి వీలులేదు. మొదటి పూరణకర్త ఈ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి.

ఏడవ పూరణ

వేలి కొనకు మాట వెదకక దొరకెను,
యంత్ర మొసగె తేనె లద్ది నాకు;
నేను వెదకునట్టి నిజమైన మాటయో
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: ప్రేమగీతం రాయడం గురించిన ప్రేమగీతం ఇది. రెండక్షరాలు నొక్కగానే తరువాతి మాటను ఫోనే సూచిస్తుంది. అడిగితే లేఖ మొత్తం రాసి ఇచ్చే యంత్రాలూ వచ్చాయి. తేలికగా అందిన మాటలు పోగయ్యేకొద్దీ తన మాట వెనక్కు జరిగిందన్న బాధ నిజమైనది. రెండవ పాదంలో ‘యం’కు ‘తేనెలద్ది’లోని అకారంతో యతి చెల్లుతుంది.

సభ్యురాలి అభిప్రాయం: పద్యంలో ప్రియురాలు ఎక్కడ ఉన్నదో నాకు కనిపించలేదు. కవి, యంత్రం, మాట, ఈ ముగ్గురే ఉన్నారు. ‘నిజమైన’ అన్నది ఏ వ్యాసంలోనైనా ఇమిడే విశేషణం. ‘నీదైన మాట’ అంటే? ఆమెకు మాత్రమే చెందిన మాట, మరెవరికీ పంపడానికి వీలులేని మాట అవుతుంది. యంత్రం ఇవ్వలేనిది అదే కదా. గణం కూడా సరిపోతుంది.

పూరణకర్త: అమ్మా, పద్యానికి ప్రాణం పోశారు. అలాగే మారుస్తాను.

ఒక సభ్యుడు: విషయం పాట కనుక పాడుకునే తీరు గురించి కూడా చెప్పుకుందాం. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే. అందువల్ల మనకిచ్చిన పాదం పదిహేను మాత్రలతో త్రిశ్రగతిలో సాఫీగా నడుస్తుంది, పల్లవిగా కూర్చుంటుంది. చిక్కు బేసి పాదాలలో ఉంది. అక్కడి రెండు ఇంద్రగణాలు నాలుగు మాత్రలవి కావచ్చు, ఐదు మాత్రలవి కావచ్చు. ఛందస్సు రెండింటినీ ఒప్పుకుంటుంది గాని వరుస కట్టేవారికి అవి సమానంగా ఉండాలి. ఆరవ పూరణలో మొదటి, మూడవ పాదాలు రెండూ పందొమ్మిది మాత్రలు. ఐదవ పూరణలో రెండూ పదిహేడు. ఏడవదానిలో మొదటి పాదం పదిహేడు, మూడవది పందొమ్మిది. ఒకే వరుసలో పాడితే మొదటి పాదం చివర రెండు మాత్రలు సాగదీయవలసి వస్తుంది.

పూరణకర్త: రెండు సూచనలనూ కలిపి సవరించాను, పరిశీలించగలరు.

వేలి కొనకు మాట వెదకకే వచ్చెనే,
యంత్ర మొసగె తేనె లద్ది నాకు;
నేను వెదకునట్టి నీదైన మాటయో
చేరువైన కొలది దూరమయ్యె.

పరిశీలన: ఇప్పుడు బేసి పాదాలు సమానమయ్యాయి. ‘వెదకకే వచ్చెనే’లోని రెండు ఏకారాలు గొంతు నిలపడానికి వీలిస్తాయి, ‘మాటయో’లోని ఓకారం దానికి జవాబుగా నిలుస్తుంది. ఆరవ పూరణకూ దీనికీ ఒకే వరుస సరిపోతుంది కనుక రెండింటినీ వరుస చరణాలుగా పాడుకోవచ్చు; మాట కోసం మేలుకున్న నాయకుడు మొదట, మాట దొరకని నాయకుడు ఆ తరువాత. నాయిక పక్షాన ఒక చరణం కావాలి. మూడవ పూరణకర్త ‘ఏమొ’ను తొలగించి, బేసి పాదాలను పందొమ్మిది మాత్రలకు సరిచేసి పంపితే ఆ చోటు వారిదే.