వరద శిబిరంలో సాయానికి వెళ్లిన డాక్టరుకు చట్టం అండ ఉండాలా?

సింగ్‌నగర్ డాక్టర్:
2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఒక సేవా సంస్థ పిలిస్తే వైద్య శిబిరానికి వెళ్లాను. ఒకాయనకు ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఆసుపత్రికి పంపాం, కోలుకున్నాడు. అయినా కేసు పెడతామని బంధువులు నెలల తరబడి ఫోన్లు చేశారు. వరదల్లో పనిచేసే డాక్టర్లకు రక్షణ కావాలి.

రేపల్లె రైతుబిడ్డ:
2019 సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది కదా. సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసూ ఉండదు, క్రిమినల్ కేసూ ఉండదు.

సింగ్‌నగర్ డాక్టర్:
అది మోటారు వాహనాల చట్టం అండీ. రోడ్డు ప్రమాదాలకే.

తెనాలి అబ్బాయి:
ఉచితమైతే ఏం చేసినా చెల్లుతుందా? ఒక ఉచిత శిబిరంలో మా నాన్నకు షుగర్ ఉందో లేదో అడక్కుండా స్టెరాయిడ్ ఇచ్చారు. షుగర్ పెరిగిపోయి ఐసీయూలో పడ్డారు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకెంత రక్షణ కావాలి?

రేపల్లె రైతుబిడ్డ:
134ఎ మళ్లీ చదవండి డాక్టరు గారూ.

సింగ్‌నగర్ డాక్టర్:
చదివాను. మోటారు వాహన ప్రమాదం అనే ఉంది. తెనాలి గారూ, క్రిమినల్ కేసు సంగతేంటి? నిర్లక్ష్యం వల్ల రోగి చనిపోతే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 106 సెక్షన్ కింద డాక్టరుకు రెండేళ్ల దాకా జైలు.

తెనాలి అబ్బాయి:
ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలుస్తుందని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

సింగ్‌నగర్ డాక్టర్:
ఆ తీర్పు అక్కరకొచ్చేలోపు స్టేషన్ చుట్టూ తిరిగేది నేనే.

గుంటూరు లాయర్:
విపత్తు నిర్వహణ చట్టం 73 సెక్షన్ చూడండి. ప్రభుత్వం తరఫున సదుద్దేశంతో పనిచేసినవాళ్లకు రక్షణ ఉంది. అధికారుల దగ్గర పేరు రాయించుకుని వెళ్లండి.

సింగ్‌నగర్ డాక్టర్:
నడుంలోతు నీళ్లలో జనం ఉంటే కాగితం కోసం ఆగాలా?

తెనాలి అబ్బాయి:
మేం నోరెత్తకూడదు, అంతేగా మీకు కావాల్సింది!

సింగ్‌నగర్ డాక్టర్:
మీకేమో ఎవరో ఒకరు జైలుకు పోవాలి!

తెనాలి అబ్బాయి:
జైలు మాట నేనెత్తలేదు. ఐసీయూ బిల్లు ఎవరు కడతారని అడిగితే నిర్వాహకులు డాక్టర్ని అడగమన్నారు. ఆయన సేవకు వచ్చానన్నాడు. పొలం కుదువపెట్టి మేమే కట్టాం.

సింగ్‌నగర్ డాక్టర్:
ఆ బిల్లు శిబిరం పెట్టినవాళ్లో ప్రభుత్వమో కట్టాలంటే నేనూ మీతో అర్జీ మీద సంతకం పెడతాను. డాక్టరు నెత్తిన మాత్రం వెయ్యొద్దు.

తెనాలి అబ్బాయి:
షుగర్ ఉందా అని ఒక్క మాట అడగని డాక్టర్ని కూడా వదిలెయ్యాలా? దానికి మాత్రం ఒప్పుకోను.